తవాంగ్ యుద్ధ స్మారకాల టూర్: ఏర్పాట్లకి నాలుగు స్టార్లు, చెప్పిన కథకి రెండే

హైదరాబాద్‌లో ఒక ట్రావెల్స్ వాళ్లు 1962 చైనా యుద్ధ స్మారకాల పేరుతో నడుపుతున్న అరుణాచల్ ప్యాకేజీలో నాన్నగారూ నేనూ వెళ్లొచ్చాం. గౌహతిలో ఎక్కించుకుని మళ్లీ గౌహతిలో దింపుతారు, విమానం టికెట్లు మనవే. తేజ్‌పూర్, దిరాంగ్, సేలా కనుమ, జస్వంత్‌గఢ్, తవాంగ్, చైనా సరిహద్దులో ఉన్న బుమ్ లా కనుమ, తిరుగు దారిలో బొమ్‌డిలా. మనిషికి 40 వేల లోపు అయింది, ఇద్దరికి ఒక గది లెక్కన. నాన్నగారు సికింద్రాబాద్‌లో ఈఎంఈలో, అంటే సైన్యంలో యంత్రాల పని చూసే విభాగంలో, చేసి రిటైరైన మనిషి, ఆయనకి ఎప్పటి నుంచో ఆ కొండలు చూడాలని కోరిక. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది ఈ ఒక్క కంపెనీ లోపం కాదు, ఆ దారిలో తిరిగే చాలా టూర్లు ఇదే పాఠం చదువుతున్నాయి.

ముందు బాగున్నవి చెప్తాను. ఇన్నర్ లైన్ పర్మిట్లు వాళ్లే ఆన్‌లైన్‌లో తీసి పెట్టారు, మనం ఆధార్ కాపీ, ఫొటో పంపితే చాలు. బుమ్ లాకి వేరే అనుమతి కావాలి, అది తవాంగ్‌లో తీసుకున్నారు. బండి మంచి కండిషన్‌లో ఉంది. డ్రైవర్ తేజ్‌పూర్ అబ్బాయి, ఒక్కసారి కూడా మలుపులో ఓవర్‌టేక్ చేయలేదు, ఆ రోడ్డు మీద అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఉండదు. వంటవాళ్లని వెంట తెచ్చుకున్నారు కాబట్టి దిరాంగ్‌లో చారు, పప్పు, గోంగూర పచ్చడితో అన్నం తిన్నాం. తవాంగ్ పదివేల అడుగుల ఎత్తు, కుక్కర్ లేకపోతే అక్కడ అన్నం సరిగా ఉడకదు, అది తెలిసిన వంటవాళ్లు వీళ్లు. ఆక్సిజన్ సిలిండర్ బండిలో ఉంది. బుమ్ లా 15 వేల అడుగులు దాటుతుంది, నాన్నగారికి బీపీ ఉంది, ఆ రోజు ఆయన్ని హోటల్‌లోనే ఉంచి ఒక మనిషిని తోడు పెట్టారు. వాళ్లంతట వాళ్లే చేశారు, మేం అడగలేదు. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. ఒక హోటల్‌లో గీజర్ పనిచేయలేదు, బకెట్‌తో వేడినీళ్లు తెచ్చిచ్చారు, అదేమంత పెద్ద విషయం కాదు.

ఇక అసలు సంగతి. ఇది మామూలు విహారయాత్ర అని అమ్మితే నాకు ఏ ఫిర్యాదూ లేదు. యుద్ధం గురించి చెప్తామని, గైడ్ ఉంటాడని, ‘చరిత్ర తెలిసిన గైడ్’ అని బ్రోషర్‌లో రాసి మరీ అమ్మారు. గైడ్ మన తెలుగు కుర్రాడే, మంచి గొంతు, మంచి మర్యాద, నాన్నగారిని మొదటి రోజు నుంచీ ‘బాబాయ్‌గారూ’ అని పిలిచాడు. కానీ ప్రతి స్మారకం దగ్గరా అతను చెప్పింది ఒకటే: మనవాళ్లు కొద్దిమంది, వాళ్లు చాలామంది, అయినా మనవాళ్లు ఆఖరి గుండు వరకూ పోరాడారు. ఆఖరి గుండు వరకూ పోరాడిన మాట నిజం. అయితే వాళ్ల దగ్గర గుండ్లు ఎందుకు అయిపోయాయి, చలికాలం ముంచుకొస్తుంటే నూలు యూనిఫారాలతో, కాన్వాస్ బూట్లతో వాళ్లని అంత ఎత్తున ఎవరు నిలబెట్టారు, వద్దని చెప్పిన ఆఫీసర్లు ఏమయ్యారు, ఇవన్నీ అడిగితే ‘అవి పాలిటిక్స్ కదా మేడమ్’ అన్నాడు. నాకు అక్కడే బాధేసింది. చనిపోయినవాళ్ల పేర్లు గోడ మీద చదివించి, వాళ్లు ఎందుకు చనిపోవాల్సి వచ్చిందో పాలిటిక్స్ అని పక్కన పెడితే ఎలా?

అందుకే ఈ రివ్యూలో టూర్ ఆగే చోట్ల గైడ్ చెప్పనిదేంటో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను, వెళ్లేవాళ్లు చదువుకుని వెళ్తే ఆ కొండలు వేరేలా కనిపిస్తాయి.

తేజ్‌పూర్‌తో మొదలుపెడదాం. టూర్‌లో దీన్ని రాత్రి పడుకునే ఊరుగా మాత్రమే వాడుకున్నారు. బ్రహ్మపుత్ర ఒడ్డున సూర్యాస్తమయం చూపించి హోటల్‌కి తీసుకెళ్లిపోయారు. 1962 అక్టోబర్‌లో 4వ కోర్ అనే కొత్త కోర్‌ని (కొన్ని డివిజన్లు కలిస్తే కోర్, డివిజన్‌లో బ్రిగేడ్లు, బ్రిగేడ్‌లో బెటాలియన్లు ఉంటాయి) పుట్టించి హెడ్‌క్వార్టర్స్ పెట్టింది ఈ ఊళ్లోనే. ఆ కోర్ ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతా కథ సగం అర్థమైపోతుంది. అప్పటిదాకా ఈ కొండల బాధ్యత 33వ కోర్‌ది, దాని కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్. సెప్టెంబర్ 8న చైనా సైనికులు థాగ్ లా కొండ దిగి ధోలా అనే మన సరిహద్దు పోస్టుని చుట్టుముట్టారు, వాళ్లని అక్కడి నుంచి వెళ్లగొట్టమని ఢిల్లీ పట్టుబట్టింది. ఉమ్రావ్ సింగ్ కుదరదని ఊరికే అనలేదు. కుదరాలంటే ఇంత సరుకు, ఇన్ని ఫిరంగులు, ఇంత టైమ్ కావాలని లెక్క కట్టి కాగితం మీద పెట్టారు. ఆ లెక్క పైవాళ్లకి నచ్చలేదు. లెక్క తప్పని ఎవరూ నిరూపించలేదు, ఆయన చేతిలోంచి ఆ ప్రాంతాన్ని తీసేసి కొత్త కోర్ కింద పెట్టారు, దానికి కమాండర్‌గా అక్టోబర్ 4న లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్ తేజ్‌పూర్‌లో దిగారు.

కౌల్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ యుద్ధంలో ‘మనవాడు’ అనే మాటకి ఉన్న బలం అంతా ఆయన కెరీర్‌లో కనిపిస్తుంది. శాండ్‌హర్స్ట్‌లో చదివి 1933లో ఆఫీసర్ అయ్యారు, కొన్నాళ్లకే పదాతి దళం వదిలి ఆర్మీ సర్వీస్ కోర్‌కి, అంటే రేషన్లూ రవాణా చూసే విభాగానికి మారారు. యుద్ధభూమిలో బెటాలియన్‌ని నడిపిన అనుభవం లేదు. నెహ్రూ కుటుంబంతో దూరపు చుట్టరికం ఉంది, రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌కి దగ్గరి మనిషి. చురుకైనవాడు, పని రాక్షసుడు, ఇది ఒప్పుకోవాలి. అంబాలాలో డివిజన్ కమాండర్‌గా ఉన్నప్పుడు జవాన్లకి క్వార్టర్లు కట్టించే ప్రాజెక్ట్ అమర్‌ని సైనికులనే కూలీలుగా పెట్టి గడువులోగా పూర్తి చేయించారు, దాంతో ఢిల్లీలో ఆయన పేరు మోగిపోయింది. ఇళ్లు కట్టించడం మంచి పనే. కానీ యుద్ధ శిక్షణ మానేసి ఇటుకలు మోసిన డివిజన్ కూడా అదే, అది 4వ డివిజన్. 1962లో తవాంగ్ వైపు నిలబడాల్సి వచ్చింది కూడా ఆ 4వ డివిజనే. ఈ ఒక్క ముక్క మా గైడ్ చెప్పి ఉంటే చాలు, బండిలో ఉన్న అందరూ ఒక్కసారి ఆగి ఆలోచించేవాళ్లు.

1959లో కౌల్‌ని లెఫ్టినెంట్ జనరల్‌గా ప్రమోట్ చేశారు, సీనియర్లని దాటించి. అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ తిమ్మయ్యకి మీనన్‌తో అప్పటికే పడటం లేదు, ప్రమోషన్లలో మంత్రి జోక్యం మరీ ఎక్కువైంది, ఆగస్టు 31న రాజీనామా ఇచ్చేశారు. నెహ్రూ పిలిచి మాట్లాడి వెనక్కి తీసుకునేలా చేశారు, రెండు రోజులకే పార్లమెంటులో లేచి ఇవి చిన్న విషయాలు, మనుషుల స్వభావాల వల్ల వచ్చిన తేడాలు అన్నట్టు మాట్లాడారు. దేశమంతా గౌరవించే ఒక చీఫ్‌ని అలా నిలబెట్టి చిన్నబుచ్చాక కింద ఉన్న బ్రిగేడియర్లకీ కల్నల్‌లకీ ఏం అర్థమవుతుంది? నోరు తెరిస్తే చీఫ్‌కే దిక్కు లేదు అని అర్థమవుతుంది. తిమ్మయ్య తన తర్వాత లెఫ్టినెంట్ జనరల్ థోరట్ పేరు చెప్పారు. ఈస్టర్న్ కమాండ్‌లో ఉండగా థోరట్ 1960 మార్చిలో లక్నోలో ‘లాల్ ఖిలా’ పేరుతో ఒక విన్యాసం చేయించి, ఈ సరిహద్దులో దాడి వస్తే మన బలగం ఎక్కడ సరిపోదో చూపించిన మనిషి. ఆయన్ని చీఫ్ చేయలేదు, థాపర్‌ని చేశారు. 1961లో కౌల్ చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్ అయ్యారు, అంటే సైన్యం ఎక్కడ ఎలా యుద్ధం చేయాలో నిర్ణయించే కుర్చీ. అక్కడి నుంచి ఆయన నేరుగా ప్రధాని ఇంటికి వెళ్లి మాట్లాడగలరు, చీఫ్ థాపర్ తర్వాత తెలుసుకోవాలి.

ఇంకో పక్క, ఇలాంటి నియామకాలని బాహాటంగా విమర్శించే అలవాటున్న సామ్ మానెక్‌షా మీద అదే కాలంలో విచారణ వేశారు. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి అధిపతిగా ఉన్న ఆయన మీద దేశభక్తి లేదన్నంత దూరం వెళ్లాయి ఆరోపణలు. నిర్దోషి అని తేలింది. కానీ ఆ టైమ్‌లో సైన్యంలో ఉన్న ఏ ఆఫీసర్‌కైనా ఈ రెండు కెరీర్లు పక్కపక్కన కనిపించే ఉంటాయి, ఎవరు పైకి పోతున్నారో ఎవరు బోనెక్కుతున్నారో.

ఆశ్రితపక్షపాతం అంటే అర్హత లేనివాడికి ఒక కుర్చీ దొరకడం అని మనం అనుకుంటాం, ఆ ఒక్క కుర్చీతో ఆగితే నష్టం కొంతే. దాని వల్ల ‘కాదు’ అని చెప్పగలిగే మనుషులంతా ఒక్కొక్కరే గదిలోంచి వెళ్లిపోతారు, లేదా గదిలో ఉండి కూడా తల ఊపుతారు. 1962లో జరిగింది అదే అని నా నమ్మకం.

ఇక్కడ మనకి సంబంధించిన ఒక విషయం ఉంది, తెలుగు గైడ్ తెలుగు బండిలో చెప్పకపోవడం నాకు ఆశ్చర్యం. సెప్టెంబర్ 22న ఢిల్లీలో ఒక మీటింగ్ జరిగింది. నెహ్రూ దేశంలో లేరు, మీనన్ న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో ఉన్నారు. ఆ మీటింగ్‌కి అధ్యక్షత వహించింది రక్షణ శాఖలో మీనన్ కింద మంత్రిగా ఉన్న మన గుంటూరు ప్రాంతపు నాయకుడు కొత్త రఘురామయ్య. థాపర్ తన భయం చెప్పారు, థాగ్ లా దగ్గర మనం కదిలితే లడఖ్‌లో వాళ్లు బదులు తీర్చుకోవచ్చని. అయినా నిర్ణయం మారలేదు. అయితే రాతపూర్వకంగా ఇవ్వండి అని అడిగారు థాపర్, రాసిచ్చారు, సంతకం ఒక జాయింట్ సెక్రటరీది. యుద్ధానికి దారితీసిన ఆదేశం మీద ప్రధాని సంతకం లేదు, రక్షణ మంత్రి సంతకం లేదు. చీఫ్ కాగితం తీసుకుని పాటించారు. అనుమానం ఉన్న చీఫ్ కాగితం అడగడం దగ్గర ఎందుకు ఆగిపోయారు, రాజీనామా పత్రం టేబుల్ మీద ఎందుకు పెట్టలేదు అని నాన్నగారిని అడిగాను. ‘తిమ్మయ్యగారు పెడితే ఏమైందో చూశారుగా అమ్మా’ అన్నారు ఆయన.

తేజ్‌పూర్‌కి సంబంధించి ఇంకొకటి. నవంబర్‌లో బొమ్‌డిలా పడిపోయాక ఈ ఊరు ఊరంతా ఖాళీ అయింది. బ్యాంకులో నోట్లు తగలబెట్టారు, కలెక్టర్ స్థాయి అధికారి ఊరు వదిలి వెళ్లిపోయారు. ఆ బ్యాంకు, నది రేవు, జనం పారిపోయిన దారి, ఇవన్నీ చూపిస్తే ఒక పూట సరిపోతుంది. టూర్‌లో ఆ పూట ఒక పార్కుకి ఇచ్చారు.

దిరాంగ్ నుంచి సేలాకి ఎక్కే దారిలో న్యుక్‌మడుంగ్ అనే చోట చిన్న యుద్ధ స్మారకం ఉంది. మా బండి అక్కడ ఆగలేదు, ‘టైమ్ లేదు’ అన్నారు. ఆ తర్వాత టీ కోసం అరగంట ఆగాం. నా దృష్టిలో టూర్‌లో పెద్ద తప్పు ఇదే, ఎందుకంటే నవంబర్ 17, 18 తేదీల కథ మొత్తం ఆ మలుపులో ఉంది.

సేలా 13,700 అడుగుల కనుమ. బండి దిగి నిలబడితే ఎవరికైనా అర్థమవుతుంది ఇక్కడ ఒక సైన్యం కూర్చుంటే కిందనుంచి వచ్చేవాడికి ఎంత కష్టమో. బ్రిగేడియర్ హోషియార్ సింగ్ కింద 62వ బ్రిగేడ్ ఆ కనుమ పట్టుకుని ఉంది. వెనకాల దిరాంగ్‌లో డివిజన్ హెడ్‌క్వార్టర్స్, దాని కమాండర్ మేజర్ జనరల్ ఎ.ఎస్. పఠానియా, మహావీర్ చక్ర అందుకున్న మనిషి. ఇంకా వెనక బొమ్‌డిలాలో 48వ బ్రిగేడ్. చైనా సైనికులు కొండల చుట్టూ తిరిగి దిరాంగ్‌కీ బొమ్‌డిలాకీ మధ్య దారి కోసేశారు. పఠానియా సేలా వదిలేసి వెనక్కి వస్తానని 17వ తేదీన కోర్‌కి ఫోన్ మీద ఫోన్ చేశారు. కోర్ కమాండర్ కౌల్ తేజ్‌పూర్‌లో లేరు, తూర్పు చివర వాలాంగ్ వైపు వెళ్లారు. తేజ్‌పూర్‌లో ఆ సాయంత్రం ఆర్మీ చీఫ్ థాపర్, ఈస్టర్న్ ఆర్మీ కమాండర్ ఎల్.పి. సేన్ ఇద్దరూ ఉన్నారు. కౌల్‌కి పై అధికారులు, అయినా ఇద్దరిలో ఎవరూ నిర్ణయం తీసుకోలేదు. కౌల్ వచ్చేదాకా ఆగారు. రాత్రి కౌల్ వచ్చాక వెనక్కి రావచ్చని ఒక ఆదేశం, కాదు నిలబడమని ఇంకో ఆదేశం, వీలుకాకపోతే మీ ఇష్టం అన్నట్టు మరొకటి. ఒక కోర్ కమాండర్‌ని చూసి ఆర్మీ చీఫ్ నోరు మెదపకపోవడం ఏ మిలటరీ పుస్తకంలోనూ ఉండదు, ఆ కోర్ కమాండర్ ప్రధాని మనిషి అయితే తప్ప.

ఆ రాత్రి సేలా ఖాళీ అయింది. తెల్లారేసరికి దిరాంగ్ నుంచి డివిజన్ కమాండర్ కూడా వెళ్లిపోయారు. చీకట్లో కొండ దిగి వస్తున్న 62వ బ్రిగేడ్ జవాన్లని న్యుక్‌మడుంగ్ దగ్గర మాటువేసిన చైనా బలగం కాల్చేసింది. బ్రిగేడియర్ హోషియార్ సింగ్ తన మనుషులతో భూటాన్ వైపు దారి వెతుక్కుంటూ పది రోజులు నడిచి ఫుడుంగ్‌లో నవంబర్ 27న చనిపోయారు, అప్పటికి కాల్పుల విరమణ ప్రకటించి దాదాపు వారం అయింది. బొమ్‌డిలాలో అయితే 18వ తేదీ పగలు కౌల్ ఫోన్ చేసి ఉన్న కొద్దిమందిలోంచే ఒక దళాన్ని బయటికి పంపించమన్నారు, బ్రిగేడియర్ గుర్‌బక్ష్ సింగ్ పంపితే డిఫెన్స్ పల్చబడుతుందని మొత్తుకున్నా వినలేదు. ఆ దళం ట్రెంచులు వదిలి బయల్దేరగానే దాడి మొదలైంది. టూర్‌లో బొమ్‌డిలా అంటే బౌద్ధ మఠం, ఆపిల్ తోటలు, షాపింగ్.

జస్వంత్‌గఢ్ దగ్గర మా వాళ్లు బాగానే చూపించారు, ఇక్కడ పూర్తి మార్కులు. ఆర్మీ వాళ్లు వచ్చినవాళ్లందరికీ వేడి టీ ఇస్తారు, జస్వంత్ సింగ్ రావత్ బతికే ఉన్నట్టు ఆయన గది సర్ది ఉంచుతారు. నవంబర్ 17న నూరానాంగ్ దగ్గర 4వ గఢ్వాల్ రైఫిల్స్ దాడి తర్వాత దాడిని తిప్పికొట్టింది, జస్వంత్ సింగ్, త్రిలోక్ సింగ్ నేగి, గోపాల్ సింగ్ గుసాయిన్ పాక్కుంటూ వెళ్లి శత్రువు మెషిన్‌గన్‌ని లాక్కొచ్చారు, మొదటి ఇద్దరూ తిరిగి రాలేదు. గైడ్ మాత్రం జస్వంత్ సింగ్ మూడు రోజుల ఒంటరి పోరాటం, ఆయనకి సాయం చేసిన ఇద్దరమ్మాయిల కథ చెప్పాడు. అది జనం చెప్పుకునే గాథ, వినడానికి బాగుంటుంది, కానీ గాథ అని చెప్పి చెప్పాలి. అసలు జరిగినదే గుండె బిగపట్టేంత గొప్పది. ఆ బెటాలియన్ గెలుస్తున్న రోజునే వెనక ఉన్న జనరల్ తట్టాబుట్టా సర్దుకుంటున్నాడు, దాన్ని దాచాల్సిన అవసరం జస్వంత్ సింగ్‌కి లేదు.

తవాంగ్‌లో యుద్ధ స్మారకం నలభై అడుగుల స్థూపం, లోపల 2,420 మంది పేర్లు చెక్కి ఉన్నాయి. రెజిమెంట్ల వారీగా ఉంటాయి కాబట్టి తీరిగ్గా చదవడానికి కనీసం గంట కావాలి, మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంది, చలికి మంచి జాకెట్ వేసుకుని వెళ్లండి. నాన్నగారు 2వ రాజ్‌పుత్ పేర్ల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నమ్కా చూ అనే వాగు పక్కన 513 మందిలో 282 మంది చనిపోయిన బెటాలియన్ అది.

నమ్కా చూ జెమితాంగ్ వైపు ఉంటుంది, మా ప్యాకేజీలో ఆ వైపు అసలు లేదు, గైడ్ నోట ఆ పేరే రాలేదు. ఈ మొత్తం విషాదం మొదలైంది అక్కడ. బ్రిగేడియర్ జాన్ దల్వీ కింద ఉన్న 7వ బ్రిగేడ్‌ని ఆ వాగు ఒడ్డున, ఎదురుగా ఎత్తున చైనా సైన్యం కూర్చుని ఉండగా, అడుగున పరిచారు. మనిషికి 50 గుండ్లు, విమానాల్లోంచి పడేసిన సరుకు సగం లోయల పాలు. కౌల్ అక్టోబర్ మొదటివారంలో స్వయంగా అక్కడికి వెళ్లారు, ఆ ఎత్తులకి ఒళ్లు అలవాటు పడకుండా నడిచారు, కొంత దూరం ఒక పోర్టర్ వీపు మీద వెళ్లాల్సి వచ్చింది. ఆయన పిరికివాడని నేను అనను. 10వ తేదీ పొద్దున సెంగ్ జోంగ్ దగ్గర 9వ పంజాబ్ వాళ్ల చిన్న దళం మీద చైనా విరుచుకుపడటం కళ్లారా చూశారు. అప్పుడు ఆయనకీ అర్థమైంది ఈ పని కాదని. వెంటనే ఢిల్లీ వెళ్లారు చెప్పడానికి, 11 రాత్రి ప్రధాని ఇంట్లో మీటింగ్ జరిగింది. వెళ్లగొట్టే పని ఆగింది, కానీ బ్రిగేడ్‌ని వాగు దగ్గర నుంచి వెనక్కి తీసే నిర్ణయం మాత్రం జరగలేదు. మర్నాడు నెహ్రూ కొలంబో వెళ్తూ విలేకరులతో మన నేలని విడిపించమని సైన్యానికి ఆదేశాలు ఇచ్చామని చెప్పారు.

ఆ తర్వాతది ఇంకా ఘోరం. కౌల్‌కి ఊపిరాడక జబ్బు చేసింది, 18వ తేదీకి ఢిల్లీ చేరారు. జబ్బు ఎవరికైనా చేస్తుంది. అలాంటప్పుడు ఏం చేయాలి? ఇంకో కమాండర్‌ని వేయాలి. వేయలేదు. ఢిల్లీలో తన ఇంట్లో మంచం మీద పడుకుని, వెయ్యి మైళ్ల దూరంలో శత్రువు ముందు నిలబడ్డ కోర్‌ని ఫోన్లో నడిపారు, నడపనిచ్చారు. 20వ తేదీ తెల్లవారుజామున దాడి జరిగింది, కొన్ని గంటల్లో 7వ బ్రిగేడ్ లేదు. రెండు రోజులకి దల్వీ బందీ అయ్యారు. అప్పుడు గానీ లెఫ్టినెంట్ జనరల్ హర్‌బక్ష్ సింగ్‌ని 4వ కోర్‌కి కమాండర్‌గా పంపలేదు. పోనీ వచ్చినాయన్ని ఉంచారా, లేదు, 29న కౌల్ కోలుకోగానే మళ్లీ ఆయనకే ఇచ్చారు. యుద్ధం మధ్యలో, ఒకసారి చేతులెత్తేసిన చోటికి అదే మనిషిని తిరిగి పంపడం అభిమానం కాకపోతే ఇంకేమిటి? అదే హర్‌బక్ష్ సింగ్ 1965లో పశ్చిమ సరిహద్దు అంతా కాసిన ఆర్మీ కమాండర్.

జరిగినదాని మీద విచారణ లేకపోలేదు. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ ప్రేమ్ భగత్ ఇద్దరూ 1963లో రిపోర్టు ఇచ్చారు, ప్రభుత్వాలు ఎన్ని మారినా దాన్ని ఇప్పటికీ బయటపెట్టలేదు, 2014లో కొంత భాగం ఇంటర్నెట్‌లోకి వచ్చింది. మీనన్ పదవి పోయింది, కౌల్ సైన్యం వదిలారు, థాపర్ రాజీనామా చేశారు, ఆ తర్వాత ఆయన్ని అఫ్గానిస్తాన్‌కి రాయబారిగా పంపారు. నమ్కా చూలో డివిజన్ కమాండర్‌గా ఉండి తొలగించబడ్డ నిరంజన్ ప్రసాద్‌కి తర్వాత ఇంకో డివిజన్ ఇచ్చారు, 1965లో లాహోర్ వైపు మళ్లీ తొలగించాల్సి వచ్చింది. మొదటిసారి ఏం జరిగిందో అందరి ముందూ తేల్చి ఉంటే రెండోసారి ఆ జవాన్లకి ఆ పరిస్థితి వచ్చేది కాదు.

థాపర్ స్థానంలో వచ్చింది జె.ఎన్. చౌధురి. 1948లో హైదరాబాద్ మీదికి సైన్యాన్ని నడిపించి తర్వాత మిలటరీ గవర్నర్‌గా ఉన్నది ఆయనే, మన పెద్దవాళ్లకి బాగా తెలిసిన పేరు. ఇంకోటి, అప్పుడు రాష్ట్రపతి మన సర్వేపల్లి రాధాకృష్ణన్. కౌల్‌ని చైనావాళ్లు పట్టుకున్నారని ఒక వదంతి పుట్టినప్పుడు ‘దురదృష్టవశాత్తూ అది నిజం కాదు’ అన్నారని చెప్తారు. సర్వసైన్యాధిపతి అయిన రాష్ట్రపతి ఒక జనరల్ గురించి అంత మాట అన్నారని చెప్పుకున్నారంటే జనంలో కోపం ఏ స్థాయిలో ఉందో చూడండి.

ఇవన్నీ చెప్తే సైన్యం పరువు పోతుందని బండిలో ఒకాయన అన్నారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. నాన్నగారు జవాబు చెప్పారు, పరువు ఆ గోడ మీద పేర్లున్నవాళ్లది, అది ఎవరూ తీయలేరు, మిగతాది మాట్లాడుకోవాలి అని. నేనూ అంతే అనుకుంటున్నాను. ఇప్పుడు సైన్యంలో చేరే పిల్లలు మన ఊళ్ల నుంచి ఎంతమంది ఉన్నారు! వాళ్లని నడిపించేవాళ్లని ఎలా ఎంచుకోవాలన్నది పాలిటిక్స్ అని తప్పించుకునే విషయం కాదు.

బుక్ చేయాలా అంటే, చేయండి. పెద్దవాళ్లతో వెళ్లడానికి ఇంత జాగ్రత్తగా చూసుకునే టూర్ ఆ దారిలో దొరకడం కష్టం. డబ్బు కట్టే ముందే మూడు అడగండి: న్యుక్‌మడుంగ్ దగ్గర ఆగాలి, తవాంగ్ స్మారకంలో గంటకి తక్కువ కాకుండా ఉండాలి, ఇప్పుడు సేలా కింద 2024లో తెరిచిన టన్నెల్ ఉంది కాబట్టి డ్రైవర్లు దాంట్లోంచి దూసుకుపోతారు, కనీసం ఒక వైపు పాత దారిలో కనుమ మీదుగా తీసుకెళ్లాలి. వీలైతే జెమితాంగ్‌కి ఒక రోజు ఎక్కువ అడగండి, ఖర్చు పెరిగినా పర్లేదు. మార్చి చివర నుంచి మే దాకా, లేదంటే అక్టోబర్, ఈ రెండూ మంచి సీజన్లు. శీతాకాలంలో రోడ్డు మీద గడ్డకట్టిన మంచు ఉంటుంది, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే బయల్దేరండి.

తిరిగి వచ్చాక ఫీడ్‌బ్యాక్ ఫారం పంపారు, ఇక్కడ రాసినదంతా దాంట్లోనూ రాశాను. మేనేజర్ ఫోన్ చేశారు. న్యుక్‌మడుంగ్ హాల్ట్ వచ్చే బ్యాచ్ నుంచి చేరుస్తామన్నారు, గైడ్‌కి చదవడానికి ఏమైనా పంపమని అడిగారు, తేదీలతో రెండు పేజీలు టైప్ చేసి పంపించాను. ఆ కుర్రాడు వాటిని చదివి బండిలో చెప్పడం మొదలుపెట్టాడని ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లు కింద రాస్తే స్టార్లు మార్చేస్తాను.